పెంకు పలచబడింది, సొన రంగు మారింది: కోళ్లన్నీ అమ్మేయమంటారా?

వరంగల్‌కు దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె వయసు 34. ఏడాదిన్నర కింద మహిళా సంఘంలో అప్పు తీసుకుని 30 గ్రామప్రియ రకం కోడిపిల్లల్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు 22 పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. దొడ్లో రేకుల షెడ్డు కట్టారు. పగలంతా కోళ్లు దొడ్లోనే తిరుగుతాయి. ఊళ్లో ఏడెనిమిది ఇళ్లకు గుడ్లు ఇస్తున్నారు. హనుమకొండలో ఉండే పెద్ద ఆడబిడ్డ ద్వారా అక్కడ మరో ఐదిళ్లకు వారానికోసారి పంపుతున్నారు.

సంక్రాంతి దాకా అంతా బాగుంది. ఆ తర్వాత దాణా ఖర్చు భరించలేక గుడ్ల కోళ్లకు పెట్టే లేయర్ దాణా సగానికి తగ్గించి, మిగతా సగం నూకలు, తవుడు పెడుతున్నారు. మార్చి చివరి నుంచి గుడ్ల పెంకు చేతిలో పట్టుకుంటేనే చిట్లుతోంది. వారానికి రెండు మూడు పెంకు లేని మెత్తటి తోలుగుడ్లు వస్తున్నాయి. పగలగొడితే తెల్లసొన నీళ్లలా పారుతోంది. కొన్నింట్లో పచ్చసొన ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగులో ఉంటోంది. రెండు గుడ్లలో ఎర్రటి నరం లాంటిది కనిపించింది. రోజుకు 14 గుడ్లు వచ్చేచోట ఇప్పుడు పది వస్తున్నాయి. కోళ్లు మాత్రం హుషారుగా ఉన్నాయి, తుమ్ములు, పారుడు ఏమీ లేవు. మందుల షాపులో అడిగితే ఒక పొడి ఇచ్చారు. ఐదు రోజుల చొప్పున రెండుసార్లు నీళ్లలో కలిపి తాగించారు. గుణం కనిపించలేదు.

కిందటి నెల ఆడబిడ్డ ఇంట్లో చుట్టాలు ఉన్నప్పుడు ఆరు గుడ్లు పగలగొడితే మూడు ఇలాగే ఉన్నాయట. "నిల్వ గుడ్లన్నీ మాకు పంపుతున్నావా?" అని ఆమె అందరి ముందూ ఫోన్‌లో అన్నారు. ఆ రాత్రి భర్త, "నీ చేతికి కోళ్లు అచ్చిరాలేదు, అమ్మేసి అప్పు కట్టెయ్" అన్నారు. అత్తమ్మ తమ కాలంలో నాటుకోళ్లకు ఇలాంటివి ఎరగమన్నారు. "తప్పు నాదేనా? అమ్మేయాలా? వదినకు ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దొడ్లో ఏముందో, ఏ గుడ్డు ఎక్కడ పెడతారో, ఎవరు ఏం మేత వేస్తారో అంతా రాశారు. కోళ్లను అంత దగ్గరగా చూసుకునేవాళ్లు తక్కువ. అందుకే మీ ఆయన అన్న మాట గురించి ముందు చెప్తాను. చేతికి అచ్చిరావడం, రాకపోవడం అనేది ఇందులో లేదు. తొమ్మిది నెలలు బాగా పెట్టిన కోళ్లే ఇవి. మీ చేయి మారలేదు, మేత మారింది, ఎండ పెరిగింది, పెట్టల వయసు పెరిగింది.

మీరు ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు అనుకుని ఒకే మందు వెతికారు. నాకు కనిపిస్తున్నవి నాలుగు వేర్వేరు సంగతులు, ఒకేసారి వచ్చి పడ్డాయి. విడదీసి చూద్దాం.

పెంకుతో మొదలుపెడదాం, లెక్క తేలిగ్గా తెలిసేది అక్కడే. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఒక్కో పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా కలుపుతారు. పెట్ట రోజుకు 110 గ్రాముల దాణా తింటే దానికి నాలుగు గ్రాములు అందుతుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు, ఇంచుమించు సగం పడుతుంది. అంటే రెండు గ్రాములు, సరిగ్గా ఒక పెంకుకు సరిపోయేంత. మీరు దాణా సగం చేసినప్పుడు ఆ నాలుగు కాస్తా రెండయింది, ఒంటికి పట్టేది ఒక్క గ్రాముకు దిగింది. నూకల్లో, తవుడులో కాల్షియం లేనట్టే లెక్క. పైగా తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, అది ఉన్న కాల్షియాన్ని కూడా సరిగా పట్టనివ్వదు. అయినా పెట్ట గుడ్డు పెట్టడం ఆపదు. తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. సంక్రాంతికి మేత మారితే మార్చి చివర్లో పెంకు పలచబడటానికి కారణం ఇదే. రెండు నెలలు అవి తమ ఎముకలతో మీకు గుడ్లు ఇచ్చాయి.

దానికి ఎండ తోడైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ రేకుల కింద కోడి పరిస్థితి ఆలోచించండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పి ఒళ్లు చల్లబరచుకుంటుంది. రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకు తయారవ్వాలంటే కాల్షియం ఒక్కటే చాలదు, కార్బొనేట్ కావాలి. దానికి కావలసింది అలా గాలిలో కలిసిపోతుంది. ఎండకు మేత కూడా తక్కువ తింటుంది. వీటికి తోడు మీ పెట్టలు గుడ్లు పెట్టడం మొదలై ఏడాది అయింది. వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది కానీ పెంకుకు వేసే సున్నం అంతే ఉంటుంది. పెద్ద గుడ్డు మీద అది పలచగా పరుచుకుంటుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దారులు చూద్దాం. పూర్తి లేయర్ దాణాకు తిరిగి వెళ్లడం ఒకటి. 22 పెట్టలకు రోజుకు రెండున్నర కిలోల దాకా అవుతుంది, నెలకు 50 కిలోల బస్తా ఒకటిన్నర. పెంకు బాగుపడుతుంది కానీ మళ్లీ అదే ఖర్చు మీద పడుతుంది. మరో దారి, ఇప్పుడు పెట్టే మేత అలాగే ఉంచి, కాల్షియం విడిగా పెట్టడం. దాణా షాపుల్లో ఆల్చిప్పల గ్రిట్ దొరుకుతుంది, షెల్ గ్రిట్ అని అడగండి. జొన్నగింజంత పలుకులు ఉండాలి, పిండి కాదు. పలుకులైతే కందనకాయలో ఆగి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. గుడ్డు పెంకు కట్టే సంచిలో దాదాపు 20 గంటలు ఉంటుంది, అందులో ఎక్కువ పని రాత్రిపూటే జరుగుతుంది. అందుకని సాయంత్రం గూటికి చేరే ముందు గ్రిట్ అందుబాటులో ఉండాలి. మేతలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టండి. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది, పుంజులు అంతగా ముట్టవు. ఖర్చు చాలా తక్కువ. కానీ ఇది పెంకు ఒక్కటే సరిచేస్తుంది. నూకలు, తవుడులో మాంసకృత్తులు తక్కువ కాబట్టి రోజుకు పది గుడ్లు మళ్లీ పద్నాలుగు కావాలంటే ఇది చాలదు. నేనైతే ఈ రెంటి మధ్యలో ఉంటాను. దాణా మూడొంతుల్లో రెండొంతులకు పెంచి, గ్రిట్ విడిగా పెడతాను. మీ ఇంటి లెక్క మీకే తెలుసు, ఆలోచించుకోండి.

గ్రిట్ కొనలేని వారం మీరు వాడిన గుడ్డు పెంకులే ఎండబెట్టి, పెనం మీద వేయించి, నలిపి వేయొచ్చు. గుడ్డు పెంకు అని గుర్తుపట్టలేనంతగా నలపాలి, లేకపోతే గూట్లో గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. సున్నం మాత్రం నేరుగా పెట్టొద్దు, గొంతు కాలుతుంది.

రేకుల మీద తెల్లసున్నం కొట్టించండి, మధ్యాహ్నం తడి గోనెసంచులు కట్టండి. నీళ్లు కుండల్లో, నీడలో పెట్టి రెండుసార్లు మార్చండి. మేత తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి చాలు. మధ్యాహ్నం తింటే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది.

పచ్చసొన రంగు దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "అత్తమ్మకు కోళ్లంటే ప్రాణం, బర్రె కోసం నానబెట్టిన పత్తి చెక్క గుప్పెడు తీసి వాటికీ వేస్తుంది" అని రాశారు. మీరు దాన్ని ప్రేమతో రాశారు, సమస్యగా రాయలేదు. కానీ నా అనుమానం దాని మీదే. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. బర్రె కడుపు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, కోడి తట్టుకోలేదు. అది సొనలోకి చేరి అక్కడి ఇనుముతో కలుస్తుంది, ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగు తెస్తుంది. పత్తి గింజలోని నూనె వల్ల తెల్లసొన కొన్నిసార్లు గులాబి రంగుకు తిరుగుతుంది కూడా. ఇందులో తికమక పెట్టేది ఏమిటంటే, గుడ్డు తాజాగా ఉన్నప్పుడు ఈ రంగు కనిపించకపోవచ్చు, నిల్వ ఉండేకొద్దీ తేలుతుంది. మీ ఊళ్లో రోజూ తీసుకునేవాళ్లు ఒక్కరూ ఫిర్యాదు చేయకపోవడం, వారానికోసారి అందుకునే వదిన చేయడం మీకు వింతగా అనిపించింది కదా. వదిన కావాలని అంటున్నారేమోనని కూడా రాశారు. ఆమె చూసింది నిజమే అయ్యుంటుంది. మీ ఊరివాళ్లు చూడకపోవడమూ నిజమే.

దీన్ని నమ్మకంగా తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఒకే రోజు పెట్టిన నాలుగు గుడ్ల మీద పెన్సిల్‌తో తేదీ వేయండి. రెండు ఆ రోజే పగలగొట్టి చూడండి, రెండు పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. మొదటివి మామూలుగా, రెండోవి రంగు మారి ఉంటే పత్తి చెక్కే. ఇక్కడ ఒక జాగ్రత్త. ఉడికించిన గుడ్డులో సొన చుట్టూ కనిపించే ఆకుపచ్చ వలయం వేరు, అది ఎక్కువసేపు ఉడకడం వల్ల వస్తుంది, దానికి కంగారు పడొద్దు. తెల్లసొన ఆకుపచ్చగానో గులాబిగానో ఉండి కంపు కొడితే అది కుళ్లిన గుడ్డు, రుచి కూడా చూడకుండా పారేయండి.

పచ్చసొన పెట్ట కడుపులో పది రోజుల దాకా పెరుగుతూ ఉంటుంది. పత్తి చెక్క ఈ రోజు మానేసినా రంగు పోవడానికి మూడు వారాలు ఆగాలి. నాలుగు రోజులకే "మానేసినా తగ్గలేదు" అని మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది, ముందే చెప్తున్నాను.

మరి అత్తమ్మకు ఎలా చెప్పాలి? "నీ వల్లే పాడైంది" అన్నట్టు వినిపిస్తే ఆవిడ కోళ్ల దగ్గరికే రావడం మానేస్తారు. అది మీకూ నష్టం, పగలు కోళ్లను చూసేది ఆవిడే. ఏమీ చెప్పకుండా కుడితి గోలెం మీద మూత పెట్టేయొచ్చు, గొడవ ఉండదు. కానీ చెక్క పిడికిట్లోంచి పడుతోంది, గోలెంలోంచి కాదు, కాబట్టి అది సగం పనే చేస్తుంది. పశువైద్యుణ్ని ఇంటికి పిలిచినప్పుడు ఆయన నోటితో చెప్పించడం ఇంకో దారి. పెద్దవాళ్లు కోడలి మాట కంటే డాక్టరు మాట త్వరగా ఒప్పుకుంటారు. కానీ మీరే చెప్పించారని తర్వాత తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. నాకు బాగా అనిపించేది వేరే. ఆ నాలుగు గుడ్ల పరీక్ష ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఆవిడే పగలగొట్టాలి, ఆవిడే చూడాలి. తర్వాత సాయంత్రం గ్రిట్ పెట్టే పని ఆవిడకు అప్పగించండి. పాత రోజుల్లో పొలంలో ఏరిన నత్తగుల్లలు నలిపి కోళ్లకు వేసిన ఇళ్లు నాకు తెలుసు. అది ఇప్పటి గ్రిట్ చేసే పనే చేసేది. ఆవిడకు గుర్తుందేమో అడిగి చూడండి. నాటుకోళ్లకు ఇవేవీ రాలేదన్న మాట కూడా తప్పు కాదు. నాటుపెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువ, మధ్యలో పొదుగుతుంది, ఎముకలు కోలుకునే వ్యవధి దొరుకుతుంది. గ్రామప్రియను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికే తయారుచేసింది, అయినా గుడ్లు ఎక్కువ పెట్టే రకం కాబట్టి దానికి మేత కూడా ఆ మేరకు అందాలి.

ఎర్రటి నరం సంగతి. సొన విడుదలయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే ఒక చుక్క రక్తం కనిపిస్తుంది, అది హానికరం కాదు. కానీ మీరు "నరం లాంటిది, గుండ్రంగా" అని రాశారు. మీ దగ్గర పుంజులున్నాయి, గుడ్లు వంటింట్లో రేకుల కింద వారం ఉంటున్నాయి. మే నెలలో ఆ గదిలో ఉండే వేడికి పొదగకుండానే పిండం ఎదగడం మొదలవుతుంది. చూసినవాళ్లకు ఎంత ఏవగింపుగా ఉంటుందో మీరే ఊహించగలరు. గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పిల్లలు చేయించే ఆలోచన లేకపోతే పుంజుల్ని వేరు చేయండి. వేరు చేశాక కూడా రెండు మూడు వారాలు గుడ్లలో జీవం ఉంటుంది, ఆ తర్వాత ఈ బెడద ఉండదు.

తెల్లసొన నీళ్లవడానికి పెట్టల వయసు కొంత కారణం, వేడిలో నిల్వ ఎక్కువ కారణం. ఇక్కడ మాత్రం మీతో నిజం చెప్పాలి. ఆదివారం మీ ఆయన వెళ్తేనే గుడ్లు హనుమకొండ చేరతాయని, సోమవారం పెట్టినవి కూడా అందులోనే ఉంటాయని రాశారు. ఆరు రోజులు మీ వంటింట్లో, మరో మూడు రోజులు వాళ్లింట్లో. వదిన "నిల్వ గుడ్లు" అన్న తీరు తప్పు, అందరి ముందూ అనడం ఇంకా తప్పు. మాటలో మాత్రం కొంత నిజం ఉంది. పైగా మీరు వాటిని బకెట్లో చన్నీళ్లతో కడిగి పంపుతున్నారు. శుభ్రంగా ఉండాలనే మీ ఉద్దేశం. కానీ పెంకు నిండా వేల సన్నని రంధ్రాలుంటాయి, వాటిని మూసే పలచని పొర కడిగితే పోతుంది. చల్లటి నీళ్లలో ముంచితే లోపలి పదార్థం ముడుచుకుని బయటి మురికినీళ్లను లోపలికి లాక్కుంటుంది. గూట్లో గడ్డి తరచూ మార్చండి, గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి, అంటిన మట్టిని పొడిగుడ్డతో తుడవండి. బాగా మురికైనవి ఇంట్లో వెంటనే బాగా ఉడికించి వాడుకోండి.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. షాపువాళ్లు ఇచ్చిన పొడి పేరు మీరు రాశారు, ఇక్కడ వేయడం లేదు. అది యాంటీబయాటిక్. పెంకు పలచబడటానికి, సొన రంగుకు దానితో సంబంధం లేదు. కోడి తాగిన మందు గుడ్డులోకి వస్తుంది. మీరు ఆ పది రోజులూ గుడ్లు ఇస్తూనే ఉన్నారు. ఆ ఇళ్లలో చిన్నపిల్లలున్నారు. మీకు తెలియక జరిగింది, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకమీదట డాక్టరు రాయకుండా ఏ మందూ నీళ్లలో కలపొద్దు. రాసినా "ఎన్ని రోజులు గుడ్లు తినకూడదు?" అని అడిగి, అన్ని రోజులు గుడ్లు పూడ్చేయండి. నష్టమే, తెలుసు. ఇందులో మాత్రం నేను మీకు రెండో దారి చెప్పలేను.

డాక్టర్ని తప్పకుండా పిలవాల్సిన గుర్తులు కూడా తెలుసుకోండి. నాలుగైదు రోజుల్లోనే గుడ్లు సగానికి పడిపోవడం, పెంకు మీద ముడతలు, గరుకు గీతలు, తుమ్ములు, గురక, ఆకుపచ్చ పారుడు, మెడ తిప్పడం. కొక్కెర తెగులు లాంటివి అలాగే మొదలవుతాయి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెప్తారు. మీ కోళ్లలో ఇవి లేవు, మరీ కంగారు అక్కర్లేదు. అయినా టీకాల తేదీలు ఉత్తరంలో లేవు. వేయించారో లేదో చూసుకోండి.

అమ్మేయాలా అన్న ప్రశ్న. ఇప్పుడే అన్నీ అమ్మితే మాంసం ధరకు పోతాయి, అప్పులో కొంత తీరుతుంది, ఇంట్లో మాట పడటం ఆగుతుంది. కానీ మీ దగ్గరకు సొంతంగా వచ్చే ఆ వారం డబ్బులు కూడా ఆగుతాయి. పిల్లల ఫీజు ఎవర్నీ అడగకుండా కట్టానని మీరు రెండుచోట్ల రాశారు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అన్నీ ఉంచుకుంటే వయసు పెరిగిన పెట్టలకు మేత దండగవుతుంది. మధ్య దారి ఒకటుంది. రెండు వారాలు ఏ పెట్ట ఏ గుడ్డు పెడుతోందో గమనించండి, తోలుగుడ్లు పెట్టేవాటి కాలికి రంగు దారం కట్టండి. గ్రిట్ పెట్టి మూడు వారాలైనా మారని వాటిని పక్కకు తీయండి. అమ్మేట్టయితే ఆషాఢంలో బోనాల ముందు అమ్మండి, కోళ్లకు గిరాకీ అప్పుడుంటుంది. శ్రావణం వచ్చిందంటే అడిగేవాళ్లు తగ్గుతారు. పన్నెండు మంచి పెట్టలు మిగిలినా మీ ఊరి ఇళ్లకు సరిపోతాయి, మేత ఖర్చు దాదాపు సగమవుతుంది. మీ ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. ఆయన కోపం కూడా అప్పు గురించే అనిపిస్తోంది.

వదినకు మీరే ఫోన్ చేయండి, మీ ఆయనతో చెప్పించొద్దు. సంజాయిషీతో మొదలుపెట్టకండి. "వదినా, మీరు చెప్పింది నిజమే, సొన రంగు ఎందుకు మారుతోందో కనుక్కుంటున్నాను. మూడు వారాలు మీకు పంపను, ఆ తర్వాత పంపే ప్రతి గుడ్డు మీదా తేదీ రాసి పంపుతాను" అంటే చాలు. అందరి ముందూ అన్నది మిమ్మల్ని బాధపెట్టిందని కూడా చెప్పాలనుకుంటే చెప్పండి, కానీ వేరే రోజు. రెండూ ఒకే ఫోన్‌లో చెప్తే గుడ్ల మాట పక్కకు పోయి పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. ఆ మూడు వారాల డబ్బు పోతుంది, ఒకటి రెండు ఇళ్లు వేరేచోట తీసుకోవడం మొదలుపెట్టొచ్చు. తర్వాత కూడా వారానికోసారే పంపగలిగితే, మూడు రోజులు దాటని గుడ్లు మాత్రమే హనుమకొండకు పెట్టి, మిగతావి ఊళ్లోనే ఇచ్చేయండి. హనుమకొండ ఇళ్లు ఐదు నుంచి మూడుకు తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించుకోండి.

ఆ మూడు వారాలూ ఊళ్లో ఇచ్చేవి కూడా అదే రోజువి ఇవ్వండి, సంగతి వాళ్లకూ చెప్పి ఇవ్వండి. ఈ సాయంత్రం పెన్సిల్ ఒకటి గూటి దగ్గర తాడుకు కట్టి పెట్టుకోండి. పదో రోజు ఫ్రిజ్‌లోని ఆ రెండు గుడ్లు అత్తమ్మ పగలగొట్టాక సొన ఏ రంగులో ఉందో నాకు రాయండి. రంగు మారకపోతే నా అనుమానం తప్పన్నమాట, అప్పుడు మీ దొడ్లో కోళ్లు ఇంకేం తింటున్నాయో మొదటి నుంచి చూద్దాం.